అక్క ఎడమ చెయ్యి

కొత్తకోటలో నా కుట్టుమిషన్ దగ్గరికి వచ్చే ఆడవాళ్లు ఒక రకం రవికను చూసి మొదట నవ్వుతారు. దాని కుడి చెయ్యి అందరి రవికల్లాగే ఉంటుంది. ఎడమ చెయ్యి మాత్రం భుజం నుంచి అంచు దాకా తెరుచుకుంటుంది, మూసుకోవడానికి టిక్ బటన్లు ఉంటాయి. "ఏందక్కా, గుడ్డ సాల్లేదా?" అని ఒకామె అడిగింది. నాకు ముక్కు మీదే కోపం. "గుడ్డ సాలింది గాని నీకే తెలివి సాల్లే" అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. మళ్లీ నేనే పిలిచి, కూర్చోబెట్టి, ఇది మా అక్క కోసం మొదలుపెట్టిన కుట్టని చెప్పాను. ఇప్పుడు గద్వాల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి కూడా అలాంటి రవికలకు కొలతలు వస్తున్నాయి. వద్దనుకున్నా వచ్చే గిరాకీ అది.

మా అక్కకు రెండు కిడ్నీలూ పోయాయి. బీపీ ఉందని దవాఖానలో చెప్పినప్పుడు నవ్వి ఊరుకుంది. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఇచ్చే గోళీలు మాత్రం ఏండ్ల తరబడి పుట్నాల్లా మింగింది. కాళ్లు ఉబ్బి, మొహం ఉబ్బి, పడుకుంటే ఊపిరాడని దశలో హైదరాబాదు తీసుకుపోయాం. బతకాలంటే వారానికి రెండుసార్లు మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాలన్నారు. వారానికి రెండుసార్లు హైదరాబాదు పోయి రావడం వాన పడితేనే పండే చేను మీద బతికే మా బావ వల్ల అయ్యే పని కాదు. అది బావకు తెలుసు, అక్కకు తెలుసు, నాకు తెలుసు. ముగ్గురం బయటికి అనలేదు.

అమ్మ కూలికి పోతే నన్ను చంకనేసుకొని పెంచింది అక్కే. నా భర్త పోయినప్పుడు, "ఇంక నీకెవరున్నరు" అని అందరూ ఏడుస్తుంటే, ఏడవకుండా నా బట్టలు మూటగట్టి కొత్తకోటకు తెచ్చి మిషన్ ముందు కూర్చోబెట్టిందీ అక్కే. ఆమె లేని లోకాన్ని నేను ఊహించుకోలేను. ఆ భయం నాకు కోపంలాగా బయటికి వస్తుంది, ఏం చేయను.

వనపర్తిలో పైసా తీసుకోకుండా డయాలిసిస్ చేసే చోటు ఉందని తెలిసినప్పుడు నేను నమ్మలేదు. పోయి చూస్తే నిజమే. ఎవరో నలుగురు కలిసి నడుపుతున్నారు, గోడ మీద తమ పేర్లు కూడా రాయించుకోలేదు. పొడుగాటి గది, వరసగా పడకలు, పడక పక్కన ఒక్కో మిషన్. మొదటిరోజు అక్క పడుకొని, పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తూ, "మనల్ని ఎవరనుకొని చేస్తుండ్రే వీళ్లు?" అని అడిగింది. "వాళ్ల మేనత్తవనుకుంటుండ్రు. గమ్మున పండుకో" అన్నాను. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

అక్కకు వచ్చిన వారాలు మంగళవారం, శనివారం. రెండూ ఆంజనేయుడివే. బీచుపల్లి దేవుడికి మొక్కుకున్నప్పటి నుంచి ఆ రెండు వారాలూ అక్క నీసు ముట్టదు. అక్కడేమో మిషన్ మీది నుంచి లేవగానే బలానికి ఉడికించిన కోడిగుడ్డు ఇస్తారు. అక్కడి నర్సమ్మ అక్క చేతిలో గుడ్డు పెడుతుంది, అక్క వద్దంటుంది. "దేవుడేమన్న నిన్ను తినొద్దన్నడా?" అని ఆమె. "అనలే గాని, నేనే అనుకున్న" అని ఈమె. చివరికి ఆ గుడ్డు నేను తినేదాన్ని. అంతేనా, చూడవచ్చిన చుట్టాలు కొబ్బరిబొండాలు, బత్తాయిలు తెచ్చేవాళ్లు. ఆ రోగానికి అవి విషం. ఎంత చెప్పినా వినరు, వట్టి చేతులతో రోగిని చూడ పోవడం మా దిక్కు మర్యాద కాదు. అవి కూడా నా పొట్టలోకే పోయేవి. రోగం అక్కకు వస్తే ఒళ్లు నాకొచ్చిందని బస్సులో కండక్టరు కూడా నవ్వేవాడు.

ఆ గదిలో ఎవరి బాధ వాళ్లదే అయినా ఒకరి మీద ఒకరికి కన్ను ఉండేది. నల్లమల అడవి లోపలి పెంట నుంచి, అంటే చెంచుల గూడెం నుంచి, ఒక పెద్దాయన వచ్చేవాడు. పొద్దున బస్సు అందదని ముందురోజే వచ్చి వరండాలో పడుకునేవాడు. ఒక వారం ఆయన రాకపోతే గదిలో అందరి కళ్లూ గుమ్మం మీదే. మరుసటి వారం గుమ్మంలో కనబడగానే అక్క పడక మీది నుంచే "యాడ వోయినవ్ తాతా, మా పానాలు దీసినవ్" అని గట్టిగా కేకేసింది. ఆయన దుప్పటి దులుపుకుంటూ, "వాగొచ్చింది బిడ్డా" అన్నాడు.

ఇక ఆ చెయ్యి సంగతి. మిషన్‌కు రక్తం ధారగా కావాలి. అందుకని ఎడమ మణికట్టు దగ్గర చిన్న ఆపరేషన్ చేసి రెండు నరాలను కలిపారు. అప్పటి నుంచి అక్కడ వేలు పెడితే లోపల తుమ్మెద తిరిగినట్టు గుయ్యిమంటూ ఉంటుంది. ఆ గుయ్యిమనడం ఉన్నంతసేపే ఆ చెయ్యి పనికొస్తుంది. ఆగిందంటే మళ్లీ పెద్ద దవాఖాన, మళ్లీ కోత, అది నిలుస్తుందో లేదో తెలియదు. కాబట్టి ఆ చేత్తో బరువెత్తొద్దు, ఆ చేతి మీద పడుకోవద్దు, దానికి దారం కట్టొద్దు, బిగువు రవిక చెయ్యి తొడగొద్దు (నా టిక్ బటన్ల కుట్టు అందుకే), గాజులు వేయొద్దు. రోజూ పొద్దున్నే వేళ్లు పెట్టి చూసుకోవాలి. నాకు తీరిక దొరికినప్పుడల్లా నేనే చూసేదాన్ని. ఉందని తెలిస్తే ఆ రోజుకు నాకు నిమ్మళం.

నీళ్లు కొలిచి తాగమంటే అక్క తాగింది. ఉప్పు మానమంటే మానింది. గాజుల దగ్గర మాత్రం ఆమె మనసు కుదుటపడలేదు. పెనిమిటి బతికున్న ఆడది బోడి చేత్తో బయటికి రావడం ఆమెకు బట్టలు లేకుండా రావడంలాంటిదే. కుడిచేతికి రెండు చేతుల గాజులూ కలిపి వేసుకునేది. ఎడమ చెయ్యి కొంగులో దాచుకునేది. బస్సులో ఎవరో ఒక ముసలామె ఉండనే ఉంటుంది, "ఏమాయె బిడ్డా, నీ మొగడు..." అని మొదలుపెడుతుంది. "ఉన్నడు! నిమ్మళంగ ఉన్నడు! నీకంటె గట్టిగ ఉన్నడు!" అని నేను మధ్యలో పడేదాన్ని. అక్క నా తొడ గిల్లేది.

అక్క కూతురికి నెలలు నిండుతున్నప్పుడు అత్తగారింట్లో శ్రీమంతం పెట్టారు. బిజినేపల్లి దాటాక లోపలికి ఉంటుంది ఆ ఊరు. సోమవారం ముహూర్తం. మంగళవారం పొద్దున అక్కడి నుంచే నేరుగా వనపర్తి పోవచ్చని అనుకొని బావ, అక్క, నేను పోయాం.

శ్రీమంతం అంటే గాజులు. కడుపుతో ఉన్న పిల్లకు తొడిగాక, వచ్చిన ముత్తైదువలందరికీ తొడుగుతారు. గాజులామె అరచేతిని పిండినట్టు పట్టి, ఎంత బిగువు గాజు ఎక్కిస్తే అంత పనిమంతురాలు. వదులు గాజు వేయించుకోవడం నామోషీ. మొగుడు లేనివాళ్లు ఆ పేరంటం దగ్గర కూర్చోరు. ఎవరూ పొమ్మని చెప్పరు, మనమే తెలుసుకొని లేవాలి. నేనూ లేచి వెనక పెరట్లో బూరెల బాండలి ముందు కూర్చున్నాను. లోపల నవ్వులు, పాటలు వినిపిస్తున్నాయి. నా అక్క బిడ్డ శ్రీమంతం, కుట్టిన రవిక నాది, చూసే కళ్లు మాత్రం నావి కావు. ఆ మంటంతా బూరెల మీద చూపించాను. ఒక వాయి మాడింది కూడా.

లోపల ఏం జరిగిందో తెల్లారి తెలిసింది.

పొద్దున మొహం కడుక్కొని వచ్చి, "తే, చెయ్యి సూస్త" అన్నాను. అక్క కొంగు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "మంచిగనే ఉన్నదిలే, ఛాయ్ తాగు పో" అంది. అక్క అబద్ధం ఆడితే కిందికి చూస్తుంది. కొంగు లాగాను. మణికట్టు నుంచి పైకి వరసగా ఆకుపచ్చ గాజులు. చెయ్యి ఉబ్బి, గాజులు మాంసంలోకి దిగి ఉన్నాయి. వేలు పట్టేంత సందు వెతికి పెట్టి చూశాను. గుయ్యిమనడం లేదు. కొంచెం పైన చూశాను. అక్కడా లేదు.

"వదినె అడిగిందే" అంది అక్క మెల్లగా. వదినె అంటే వియ్యపురాలు. "బిడ్డ తల్లివి, బోడి చేత్తోని కూసుంటె పిల్లకు మంచిగ కాదు, ఒక్క పూటకేమైతది అన్నది. నాకు గూడ... ఒక్క పూట యేసుకోవాలనిపించింది. సాయంత్రం తీస్తననుకున్న. సబ్బు వెట్టిన, నూనె వెట్టిన, రాలే. ఇంటి నిండ సుట్టాలుండ్రి. నీ నోటికి భయపడి చెప్పలే."

నా నోటికి భయపడిందట.

శనివారం మిషన్ మీది నుంచి లేచిన ఒంట్లో మంగళవారానికి నీరు నిండి ఉంటుంది. సబ్బుకు, నూనెకు ఆ చెయ్యి లొంగదు. నేను మళ్లీ ప్రయత్నించాను, వియ్యపురాలు ప్లాస్టిక్ కవర్ తొడిగి లాగి చూసింది. అక్క పళ్లు బిగబట్టింది గాని ఒక్క గాజూ కదల్లేదు. "పగలగొట్టాలె" అన్నాను.

ముత్తైదువ గాజులు ఎప్పుడు పగలగొడతారో అక్కడున్న ఏ ఆడదానికీ చెప్పనక్కర్లేదు. పైగా ఆ మాట అన్నది నేను. గాజులు పగిలిన దాన్ని. ఒకామె కడుపుతో ఉన్న పిల్లను చూడొద్దని లోపలికి తీసుకుపోయింది. నేను రోకలి కోసం చూస్తుంటే అక్క చెయ్యి వెనక్కి దాచుకుంది.

"ఒద్దు" అంది. "పోతె పోనియ్ చెయ్యి."

"పోతె నువ్వు పోతవే!"

"నేను వోతె ఒక్కదాన్నె పోత. ఆయనకేమన్న అయితె?"

అప్పుడు అర్థమైంది నాకు. ఆమె భయపడేది తన ప్రాణానికి కాదు. కొట్టబుద్ధి అయింది, కావలించుకోబుద్ధి అయింది. రెండూ చేయలేక బయటికి పరుగెత్తి, అరుగు మీద ఛాయ్ తాగుతున్న బావను చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

మా బావ మాటలు కొనుక్కొచ్చినట్టు మాట్లాడతాడు. ఒకటంటే ఒకటే. అక్క ముందు గొంతుక్కూర్చొని చెయ్యి చాపాడు.

"తే."

"ఒద్దయ్యా. నువ్వుండంగ నా గాజులు పగులుడేంది? నాతోని కాదు."

బావ, ఆటో నడిపే అల్లుడిని పిలిచి బండిలోని ప్లయర్ తెమ్మన్నాడు. అది చేతికొచ్చాక మాట్లాడాడు. బావ నోట అన్ని మాటలు నేను ఎన్నడూ వినలేదు.

"నేను సచ్చినంక పగలగొట్టేటివి ఆ గాజులు. గప్పుడు పగలగొట్టేది ఊరోళ్లు. గిప్పుడు నేను నీ ముంగట కూసొని, నా చేత్తోని పగలగొడ్తున్న. అది వేరు, ఇది వేరు. నాకేం గాదు. ఇటు తే."

అక్క కళ్లు మూసుకొని చెయ్యి ఇచ్చింది. బావ భుజం మీది తువ్వాల అంచు గాజు కిందికి దూర్చి, చర్మానికి తగలకుండా ప్లయర్‌తో నొక్కాడు. టప్‌మంది. ఇంకొకటి. ఆడవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. వియ్యపురాలు మాత్రం తిప్పుకోలేదు. పెంకులు నేల మీద పడకుండా కింద పళ్లెం పట్టుకొని కూర్చుంది. ప్రతి గాజు పగిలినప్పుడూ అక్క కళ్లు తెరిచి బావ మొహం చూసి మళ్లీ మూసుకునేది. బావ వేలు తెగి నెత్తురు వచ్చింది. ఆయన చూసుకోలేదు.

గాజులన్నీ పోయాక చేతి మీద ఎర్రటి గాట్లు మిగిలాయి. వేళ్లు పెట్టాను. ఏమీ లేదు.

అల్లుడి ఆటోలో వనపర్తి దారి పట్టాం. వద్దంటున్నా వియ్యపురాలు ఎక్కి ఒక మూలన ముడుచుకుంది. బావ అక్క పక్కన కూర్చొని, "వేలు యాడ వెట్టాలె?" అని నన్ను అడిగాడు. ఆ పొద్దుటి దాకా భయంతో ఆయన ఆ చెయ్యి ముట్టింది లేదు. చూపించాను. మా దిక్కు మగవాళ్లు నలుగురిలో పెళ్లాం చెయ్యి పట్టుకోరు. బావ వియ్యపురాలి ముందు, అల్లుడి ముందు, దారిన పోయే వాళ్లందరి ముందు అక్క మణికట్టు రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాడు. సిగ్గుతో అక్క తల వంచుకుంది గాని చెయ్యి తీసుకోలేదు.

కొంత దూరం పోయాక బావ, "ఏమో కదుల్తుంది" అన్నాడు. నేను పట్టి చూశాను. నిజమే, కదులుతోంది. కానీ ఆ డొక్కు ఆటోలో కదలనిదేది? సీటు కదులుతోంది, మా దవడలు కదులుతున్నాయి. చేతిలోనిదో ఆటోదో ఎట్లా తెలుస్తుంది?

"ఆపు" అన్నాడు బావ అల్లుడితో. "బండి బంద్ చెయ్యి."

రోడ్డు పక్కన ఆపి ఇంజన్ బంద్ చేశాడు. రెండు దిక్కులా పల్లిచేలు. ఒక లారీ వెళ్లిపోయేదాకా ఆగాం. బావ ఊపిరి బిగబట్టి వేళ్లు పెట్టాడు. తర్వాత వంగి చెవి పెట్టాడు.

"ఉన్నది" అన్నాడు. "సన్నగ ఉన్నది."

నేను చూశాను. ఉంది. చీమ పాకినట్టు, ఉందా లేదా అన్నట్టు ఉంది. నేను అక్క ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. "ఏడుస్తవేందే, బండి తియ్యమను" అంది అక్క.

సెంటర్‌లో డాక్టరు చాలాసేపు పరీక్షించి, గొట్టం పెట్టి విని, పూర్తిగా మూసుకుపోలేదని, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేమని అన్నాడు. ఇంజెక్షన్ ఇచ్చి, కాసేపు చూసి, సూది ఎప్పటికన్నా పైన గుచ్చి, మిషన్ నెమ్మదిగా నడిపిస్తామన్నాడు. నర్సమ్మ మమ్మల్నందరినీ వరసపెట్టి తిట్టింది. ఆమెకు ఆ హక్కు ఉంది.

నాకు తిట్టాల్సిన మనిషి ఇంకొకరు మిగిలారు. దారి పొడుగునా మాటలు పేర్చుకొని పెట్టుకున్నాను. వరండాలోకి పోయేసరికి వియ్యపురాలు నేల మీద గోడకు ఆనుకొని కూర్చుంది. పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. నన్ను చూసి, "తిట్టు చెల్లే" అంది. "నువ్వన్న తిట్టు. ఆమె ఒక్క మాట గూడ అంటలేదు." తిట్టమని అడిగినవాళ్లను తిట్టడం నాకు ఇప్పటికీ చేతకాదు. పోయి రెండు ఛాయ్‌లు తెచ్చి ఒకటి ఆమె చేతిలో పెట్టాను.

మళ్లీ అక్క దగ్గరికి పోతే, గొట్టాల్లో నెత్తురు పారుతోంది, ఆమె మాత్రం తలుపు వైపే చూస్తోంది.

"ఆయన యాడున్నడే?"

"బయట బల్ల మీద పండుకున్నడు."

"పండుకున్నడా?" తల పైకెత్తింది. "మంచిగనే ఉన్నడా?"

"గురక వెడ్తుండు. ఈడికి ఇనవడ్తలేదా?"

"జర లేపి సూడవే" అంది. నవ్వు వచ్చింది నాకు. ఆమె నవ్వలేదు. చూపు ఎట్లా ఉందంటే, ఇంకొక్క మాట అనకుండా బయటికి పోయాను.

బావ భుజం తట్టగానే ఉలిక్కిపడి లేచాడు. "ఏమైంది ఆమెకు?"

"ఆమెకేం గాలే. నీకేమన్న అయిందా అని అడుగుతుంది. గాజులు పగిలినయి గద, భయం పట్టుకుంది."

బావ తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. లేచి ఆ గది తలుపు దగ్గరికి పోయాడు. మిషన్ నడిచేటప్పుడు రోగులు గాక వేరే మగవాళ్లను లోపలికి రానివ్వరు. తలుపు పై సగానికి అద్దం ఉంటుంది. దాని ముందు నిలబడ్డాడు. లోపల అక్క తల తిప్పి చూసింది, కళ్లు మూసుకుంది, కాసేపటికి మళ్లీ తెరిచి చూసింది. ఆయన అక్కడే ఉన్నాడు.

మిషన్ ఆగేదాకా చాలా పొద్దు పడుతుందని చెప్పాను. కదల్లేదు. వియ్యపురాలు ఎక్కడి నుంచో కుర్చీ ఒకటి మోసుకొచ్చి వెనక వేసింది. "కూసో అన్నా, కాళ్లు గుంజుతయి" అంది.

బావ అద్దంలో నుంచి చూపు తిప్పలేదు.

"కూసుంటె ఆమెకు కనవడ" అన్నాడు.